ఎత్తు వచ్చింది, డయామీటర్ రాలేదు: బైనరీ ట్రీ రికర్షన్ మీద ఒక కేస్ స్టడీ

బైనరీ ట్రీ లెక్కల దగ్గర ఆగిపోయే పిల్లల్ని చూసి "వీళ్ళకి రికర్షన్ రాదు" అనేస్తుంటాం. బైనరీ ట్రీ అంటే నోడ్లు అనే గళ్ళతో కట్టిన చెట్టు, ఒక్కో నోడ్ కింద ఎడమ, కుడి అని రెండు నోడ్ల దాకా ఉండొచ్చు. రికర్షన్ అంటే ఫంక్షన్ తనని తానే పిలుచుకోవడం. విజయనగరంలో ప్లేస్‌మెంట్ పరీక్షలకి తయారయ్యే ఇంజనీరింగ్ విద్యార్థులకి డేటా స్ట్రక్చర్స్ చెబుతూ నేను గమనించినంతలో, వాళ్ళలో చాలామందికి రికర్షన్ వచ్చు. ఫంక్షన్ ఏం రిటర్న్ చేయాలో తేల్చుకోకుండానే కోడ్ మొదలుపెడతారు, అక్కడే చిక్కు. ఆ సంగతి బాగా తేటగా కనిపించిన కేసు ఒకటి ఇక్కడ రాస్తున్నాను. విద్యార్థిని పేరు, ఊరు, కాలేజీ, పరీక్ష పెట్టిన కంపెనీ వదిలేశాను. చెట్ల ఆకారాలు, కోడ్‌లో దొర్లిన తప్పులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను.

నేపథ్యం

సీఎస్ఈ మూడో సంవత్సరం చదువుతున్న అమ్మాయి. పదో తరగతి దాకా తెలుగు మీడియం. కోడ్ పైథాన్‌లో రాస్తుంది. అర్రేలు, స్ట్రింగులు, లింక్డ్ లిస్టులు గట్టిగా వచ్చు. ఫ్యాక్టోరియల్, ఫిబొనాచీ లాంటివి రికర్షన్‌తో తడుముకోకుండా రాస్తుంది. చెట్టులో నోడ్లన్నీ చుట్టివచ్చే ప్రీఆర్డర్, ఇనార్డర్, పోస్టార్డర్ మూడూ నోటికి వచ్చు. రోజూ రైల్లో వచ్చి పోయే పిల్ల, క్లాసు అవగానే పాసింజర్ అందుకోవాలి. కాబట్టి ల్యాప్‌టాప్ ముందు కూర్చునే సమయం మాకు తక్కువ. దారిలో కాగితం మీద చేసుకోగలిగిన పని ఏదైనా ఉంటే బాగుంటుందని మొదటి నుంచీ నా మనసులో ఉంది.

సమస్య

కాలేజీకి వచ్చిన కంపెనీ పెట్టిన ఆన్‌లైన్ పరీక్షలో రెండు ట్రీ ప్రశ్నలు పడ్డాయి. మొదటిది చెట్టు ఎత్తు, అంటే పైనుంచి అట్టడుగు దాకా ఎన్ని నోడ్లో కనుక్కోవడం. అది చకచకా రాసేసింది. రెండోది డయామీటర్. చెట్టులో ఏ రెండు నోడ్ల మధ్యనైనా ఉండే దారులన్నిటిలో అతి పొడవైన దారికి ఎన్ని ఎడ్జులో (నోడ్‌ని నోడ్‌తో కలిపే గీతలు) చెప్పాలి. మిగిలిన టైమంతా దానికే పోయింది, అయినా పాస్ కాలేదు.

"ఎత్తయితే నిద్రలో లేపినా రాసేస్తాను సార్. ఇదే, ఎటునుంచి పట్టుకోవాలో తెలీట్లేదు. బుర్ర తిరిగిపోతంది" అంది.

పరీక్షలో రాసినవి గుర్తున్నంతవరకు మళ్ళీ రాయమన్నాను. మొదటి ప్రయత్నంలో రూట్ (చెట్టులో అన్నిటికంటే పైనున్న నోడ్) దగ్గర ఎడమ ఎత్తు, కుడి ఎత్తు కూడి రిటర్న్ చేసింది. ప్రశ్నతో ఇచ్చిన రెండు నమూనాలూ పాసయ్యాయి, దాచిన టెస్టులు ఫెయిలయ్యాయి. పొడవైన దారి రూట్ మీదుగా పోవాలని లేదు, ఏదో ఒక పక్క చెట్టులోనే పూర్తిగా ఉండిపోవచ్చు. ఇది తనే పసిగట్టి రెండో ప్రయత్నం ఇలా చేసింది:

ఫ(నోడ్):
    నోడ్ ఖాళీ అయితే 0 రిటర్న్
    ఎ = ఫ(నోడ్.ఎడమ)
    కు = ఫ(నోడ్.కుడి)
    రిటర్న్ గరిష్ఠం(ఎ + కు, 1 + గరిష్ఠం(ఎ, కు))

మొదటి నమూనా పాసయ్యింది. రెండు నోడ్ల నమూనాకి 1 రావాల్సింది, 2 వచ్చింది. దాంతో ఒక అతుకు వేసింది: రూట్‌కి ఏదో ఒక వైపు ఖాళీగా ఉంటే చివర్లో 1 తీసేయాలి. నమూనాలు రెండూ పాస్. దాచిన టెస్టులు మళ్ళీ ఫెయిల్.

ఆ అతుకు చూడగానే నాకు అసలు సంగతి అర్థమైంది. ఒక్కటి తీసేయాల్సి రావడం చిన్న లెక్క తప్పులా కనిపిస్తుంది గానీ, ఆ చివరి లైన్లో రెండు వేరు వేరు సంగతులు పోటీ పడుతున్నాయి. 'ఎ + కు' అన్నది దారి పొడవు, ఎడ్జుల లెక్క. '1 + గరిష్ఠం' అన్నది ఎత్తు, నోడ్ల లెక్క. వాటిలో ఏది పెద్దదైతే అది పైకి పోతోంది. పైనున్న నోడ్ మాత్రం తనకి వచ్చింది ఎత్తే అనుకుని దానితో కూడికలు చేసేస్తోంది.

వెంటనే చెప్పేయొచ్చు. చెబితే ఈ ఒక్క లెక్క సరి అవుతుంది, తర్వాతి లెక్కలో ఇదే తప్పు ఇంకో రూపంలో వస్తుంది. తనంతట తనే చూడగలిగే దారి వెతకాలనుకున్నాను.

ముందు చేసి చూసినవి

మొదట ట్రేసింగ్. చాలామంది టీచర్లు మొదట పట్టుకునేది ఇదే, తనకీ ఇదే అలవాటు. పైథాన్ ట్యూటర్ అనే సైట్‌లో కోడ్ పెట్టి ఒక్కో అడుగూ నడిపించాం. 7 నోడ్ల చెట్టుకి 15 కాల్స్ జరుగుతాయి: నోడ్‌కి ఒకటి చొప్పున 7, ఖాళీ చోట్లకి 8. ప్రతి కాల్ దగ్గరా విలువలు సరిగ్గా చెప్పింది. ఒక లాభమైతే వచ్చింది. ప్రతి కాల్‌కీ తన సొంత 'ఎ', 'కు' ఉంటాయని, ఒకదాని విలువ ఇంకోదాన్ని చెరపదని నమ్మకం కుదిరింది. అంతకుమించి కదలలేదు. ట్రేసింగ్ కోడ్ ఏం చేస్తోందో చూపిస్తుంది, ఏం చేయాలో చూపించదు. తప్పు కోడ్‌ని ఎంత శ్రద్ధగా ట్రేస్ చేసినా తప్పు జవాబే శ్రద్ధగా వస్తుంది. అందుకే ఆపేశాం.

తర్వాత తన నోట్స్ తీయించాను. ట్రీ లెక్కల్ని పేరు పోలికని బట్టి గుంపులుగా రాసుకుంది. గరిష్ఠ లోతు (అంటే ఎత్తే) తెలుసు కాబట్టి కనిష్ఠ లోతుకి గరిష్ఠం బదులు కనిష్ఠం పెడితే చాలని ఉంది. రూట్ నుంచి కుడివైపుకే వేలాడే 5 నోడ్ల గొలుసు ఇచ్చి చేయమన్నాను. కనిష్ఠ లోతు అంటే రూట్ నుంచి దగ్గరలో ఉన్న ఆకు (కింద ఏమీ లేని నోడ్) దాకా లెక్క, ఇక్కడ 5 నోడ్లు, కాబట్టి జవాబు 5. తన కోడ్ 1 అంది. ఎడమవైపు ఖాళీ, ఖాళీ అంటే 0, ఆ 0ని కనిష్ఠం పట్టేసింది. ఖాళీ చోటు ఆకు కాదన్న సంగతి గరిష్ఠం ఉన్నంతకాలం బయటపడలేదు. డయామీటర్ తప్పుకీ దీనికీ పోలిక లేనట్టు కనిపిస్తుంది గానీ వేరు ఒక్కటే. '0 రిటర్న్' అని రాస్తోంది, ఆ 0 దేనికి లెక్కో ఎక్కడా రాసుకోవడం లేదు.

లెవెల్ ఆర్డర్, అంటే చెట్టుని పొరలవారీగా చదవడం, తనకి బాగా వచ్చు. క్యూ పెట్టి అన్నీ లూప్‌తోనే చేసేస్తానంది. వద్దనలేదు. కనిష్ఠ లోతుకి నిజానికి అదే మేలు, మొదటి ఆకు తగలగానే ఆగిపోవచ్చు. డయామీటర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం నోడ్ తన జవాబు చెప్పాలంటే కింద రెండు వైపులా పని ముగిసి ఉండాలి. పైనుంచి కిందికి పొరలు పొరలుగా దిగే క్యూకి ఆ క్రమం సహజంగా రాదు. కాసేపు ప్రయత్నించి తనే వదిలేసింది.

ఇక చిన్న చెట్లతో పరీక్షించడం. ఎన్ని నోడ్లకి ఎన్ని ఆకారాలు సాధ్యమో కాటలాన్ సంఖ్యలు చెబుతాయి: 1 నోడ్‌కి 1, 2కి 2, 3కి 5, 4కి 14, 5కి 42, 6కి 132. అన్ని ఆకారాలూ పుట్టించే చిన్న ప్రోగ్రాం రాసి, ప్రతి నోడ్ దగ్గరా ఎత్తులు విడిగా లెక్కగట్టే మొరటు పద్ధతి జవాబుతో తన జవాబు పోల్చాను. 1 నుంచి 6 నోడ్ల దాకా మొత్తం 196 ఆకారాలు. అతుకు వేసిన ఆ తప్పు కోడ్ 196కీ సరైన జవాబే ఇచ్చింది. 7 నోడ్లకి 429 ఆకారాలుంటే అందులో 24 దగ్గర మాత్రమే తప్పింది. పరీక్ష హాల్లో కూర్చుని చేత్తో గీసుకునే మూడు నాలుగు నోడ్ల బొమ్మలకి ఈ తప్పు ఎప్పటికీ దొరకదన్నమాట. టెస్టులు మానేయమని అనను. కోడ్ నిర్మాణంలోనే ఉన్న తప్పుని పట్టడానికి టెస్టుల మీదే ఆధారపడితే కుదరదని మాత్రం అప్పుడు గట్టిగా అనిపించింది. ఆ 24లో ఒక ఆకారం మాత్రం మాకు బాగా పనికొచ్చింది.

పనిచేసింది: చీటీలు

ఆ 7 నోడ్ల చెట్టుని ఏ ఫోర్ కాగితం మీద పెద్దగా గీశాను. రూట్ 1. దానికి ఎడమ 2, కుడి 3. 3 ఆకు. 2కి ఎడమ 4, కుడి 5. 4 కింద 6, 5 కింద 7. చిన్న చీటీలు కత్తిరించి ఇచ్చి ఒకటే నియమం పెట్టాను. ఒక నోడ్ కింద ఉన్న చెట్టంతా కలిపి చీటీతో కప్పేయాలి, చీటీ మీద రాసిందే పై నోడ్‌కి కనిపిస్తుంది. చీటీ ఎత్తి కిందకి చూడటం కుదరదు.

ఆకుల నుంచి మొదలుపెట్టింది. 6 మీద చీటీ, 1. 7 మీద 1. 4 మీద 2, 5 మీద 2. తర్వాత 2 నోడ్ మీద చీటీ పెట్టి, కొంచెం ఆలోచించి, 4 అని రాసింది. 3 మీద 1.

"2 మీద 4 ఎందుకమ్మా?"

"పొడవైన దారి నాలుగు కదా సార్. 6 నుంచి 4, 2, 5, 7."

"నిజమే. ఇప్పుడు నువ్వు రూట్‌వి. ఎడమవైపుకి ఎన్ని నోడ్లు దిగగలవు?"

చీటీ చూసి "నాలుగు" అంది. నేనేమీ అనలేదు. పెన్సిల్ చీటీ పక్కన పెట్టి ఆగింది. నియమం దాటి చీటీ ఎత్తింది. 2, 4, 6 అని పెన్సిల్ కొసతో తాకుతూ లెక్కపెట్టింది. మూడే. ఎడమ 4, కుడి 1 కలిపి తన కోడ్ 5 అంటోంది. అసలు జవాబు 4.

"ఈ నాలుగు వేరే నాలుగు సార్. ఇది దిగడానికి పనికిరాదు. రెండూ రాయాలి."

నేను ఎదురుచూసింది ఈ మాట కోసమే. ప్రశ్న అడిగింది డయామీటర్. కానీ పై నోడ్‌కి కింద నుంచి కావలసింది ఎత్తు కూడా. ప్రశ్నకి జవాబు, తల్లి నోడ్‌కి అందించాల్సిన సమాచారం ఎత్తు లెక్కలో ఒకటే అయ్యాయి కాబట్టి ఇన్నాళ్ళూ ఆ తేడా తనకి ఎదురుపడలేదు. డయామీటర్‌లో అవి విడిపోయాయి.

చీటీ మీద రెండు గళ్ళు గీసి, కోడ్ కంటే ముందు, ఫంక్షన్ ఏం ఇస్తుందో చెప్పే ఒప్పందం లాంటి ఒక వాక్యం తెలుగులో రాయమన్నాను. తను రాసింది: "ఒక నోడ్ ఇస్తే, దాని కింద ఉన్న చెట్టు ఎత్తు ఎన్ని నోడ్లో, ఆ చెట్టులో పొడవైన దారి ఎన్ని ఎడ్జులో, రెండూ ఇస్తాను." ఆ తర్వాత కోడ్ దానంతట అదే వచ్చేసింది:

చీటీ(నోడ్):
    నోడ్ ఖాళీ అయితే (0, 0) రిటర్న్
    ఎడమ_ఎత్తు, ఎడమ_దారి = చీటీ(నోడ్.ఎడమ)
    కుడి_ఎత్తు, కుడి_దారి = చీటీ(నోడ్.కుడి)
    ఎత్తు = 1 + గరిష్ఠం(ఎడమ_ఎత్తు, కుడి_ఎత్తు)
    దారి = గరిష్ఠం(ఎడమ_దారి, కుడి_దారి, ఎడమ_ఎత్తు + కుడి_ఎత్తు)
    రిటర్న్ (ఎత్తు, దారి)

అతుకు అక్కర్లేదు. ఒక్క నోడ్ ఉంటే ఎడమ ఎత్తు 0, కుడి ఎత్తు 0, దారి 0.

దీనికి ఎక్కువమంది రాసే పద్ధతి వేరే ఉంది. ఎత్తు మాత్రమే రిటర్న్ చేస్తూ, డయామీటర్‌ని ఫంక్షన్ బయట ఒక వేరియబుల్‌లో పెంచుకుంటూ పోతారు. తప్పేమీ లేదు, రాయడం తేలిక. అయినా ఆ దశలో తనకి చూపించలేదు. బయటి వేరియబుల్ చీటీ మీద కనిపించదు, సమాచారం ఎటు పారుతోందో కళ్ళకి దాచేస్తుంది. పైగా దాన్ని ప్రతి టెస్టుకీ మళ్ళీ 0 చేయకపోతే కిందటి టెస్టు విలువ ఉండిపోయి తప్పు జవాబు వస్తుంది. రెండు గళ్ళ చీటీ అలవాటయ్యాకే అది చెప్పాను.

ప్రతి నోడ్ దగ్గరా ఎత్తు ఫంక్షన్‌ని విడిగా పిలిచే మొరటు పద్ధతి గురించి కూడా మాట్లాడుకున్నాం. జవాబు సరిగ్గానే ఇస్తుంది. 10,000 నోడ్ల గొలుసు లాంటి చెట్టు ఇస్తే మాత్రం దాదాపు 5 కోట్ల సార్లు నోడ్లని తాకుతుంది. చీటీ పద్ధతిలో ఒక్కో నోడ్‌ని ఒక్కసారే.

మిగతా లెక్కల్లో ఎలా నడిచింది

రైల్లో చేసుకోమని వారానికి కొన్ని ప్రశ్నలు ఇచ్చేవాడిని. కోడ్ వద్దు, చీటీ మీద ఏం రాయాలో ఒక్క వాక్యం, ఖాళీ చెట్టు చీటీ మీద ఏముంటుందో ఒక్క విలువ, ఇంతే తేవాలి.

చెట్టు బ్యాలెన్స్‌లో ఉందా అన్నదానికి "ఎత్తు, బ్యాలెన్స్ ఉందో లేదో" అని రెండు గళ్ళు తెచ్చింది. ఏ నోడ్ దగ్గరైనా రెండు వైపుల ఎత్తుల తేడా 1 మించకూడదన్న ఈ షరతు సోవియట్ గణితజ్ఞులు అడెల్సన్ వెల్స్కీ, లాండిస్ 1962లో ప్రకటించిన ఏవీఎల్ చెట్లది. గరిష్ఠ పాత్ సమ్‌లో (నోడ్లలోని సంఖ్యలు కూడితే అతి పెద్ద మొత్తం వచ్చే దారి కనుక్కోవడం) ఇంకా బాగా చేసింది. పైకి పంపేది ఒకే వైపు దిగే దారి మొత్తం, జవాబు రెండు వైపులూ కలిపిన దారి అని విడగొట్టి తెచ్చింది. కింద నుంచి వచ్చిన మొత్తం రుణసంఖ్య అయితే దాన్ని వదిలేసి 0గా తీసుకోవచ్చు. చెట్టంతా కలిపి -3 ఒక్కటే ఉంటే జవాబు -3 కావాలి, 0 కాదు. కాబట్టి ఖాళీ చెట్టు చీటీ మీద జవాబు గడిలో 0 పెట్టకూడదు. అది నేను చెప్పకముందే పట్టింది.

చిక్కు వచ్చింది బైనరీ సెర్చ్ ట్రీ సరైనదా కాదా అన్న దగ్గర. అందులో ప్రతి నోడ్‌కీ ఎడమవైపు ఉన్నవన్నీ దానికంటే చిన్నవి, కుడివైపు ఉన్నవన్నీ పెద్దవి కావాలి. "నా ఎడమ పిల్ల నాకంటే చిన్నది, కుడి పిల్ల పెద్దది అయితే అవును" అని వాక్యం తెచ్చింది. రూట్ 10, కుడి 15, ఆ 15కి ఎడమ 6 ఉన్న చెట్టు ఇచ్చాను. 15 దగ్గర చూస్తే 6 చిన్నదే, అంతా బాగానే ఉంది. కానీ 6 రూట్‌కి కుడివైపు ఉంది, 10 కంటే పెద్దది కావాలి. 15 నోడ్‌కి ఆ సంగతి తెలిసే వీలు లేదు. చీటీలన్నీ కింద నుంచి పైకే వస్తాయని నేర్పిన పద్ధతికి ఇక్కడ ఇంకో అడుగు కావాల్సి వచ్చింది. పైనుంచి కిందికి కూడా చీటీ పంపొచ్చు. కోడ్‌లో అది ఫంక్షన్‌కి ఇచ్చే అదనపు పారామీటర్. "నీ కింద ఉన్నవన్నీ 10కి, 15కి మధ్యలో ఉండాలి" అని 15 తన ఎడమకి చెబుతుంది. కిందికి వెళ్ళే చీటీలకి రంగు కాగితం వాడాం. ఇక్కడ తనకి బాగా సమయం పట్టింది. ఒకే లెక్కని రెండు విధాలుగా చేయించాను: ఒకసారి హద్దులు కిందికి పంపుతూ, ఇంకోసారి ప్రతి చెట్టు కనిష్ఠం, గరిష్ఠం పైకి పంపుతూ. రెండూ పనిచేస్తాయని కళ్ళారా చూశాక, ఏ సమాచారం ఎటు పోవాలో ఎంచుకోవడం తన చేతిలో పనే అని ధైర్యం వచ్చింది.

మధ్యలో ఇంకో సంగతి. ఇంటి దగ్గర 10,000 నోడ్ల గొలుసుతో తన డయామీటర్ కోడ్ పరీక్షిస్తే రికర్షన్ ఎర్రర్ వచ్చింది. బేస్ కేస్ (రికర్షన్ ఆగాల్సిన చోటు) తప్పయ్యిందేమో, ఫంక్షన్ ఆగట్లేదేమో అని కంగారుపడి కోడ్ మార్చబోయింది. పైథాన్‌లో రికర్షన్ లోతుకి మామూలుగా ఉండే పరిమితి 1000. చెట్టు లోతే 10,000 అయితే సరైన కోడ్ కూడా అక్కడ పడిపోతుంది. పరిమితి పెంచుకోవచ్చు, లేదా సొంత స్టాక్ పెట్టి లూప్‌గా రాయొచ్చు. చెట్టు బ్యాలెన్స్‌గా ఉంటే ఈ బాధ లేదు. 10 లక్షల నోడ్ల ఏవీఎల్ చెట్టు అయినా ఎత్తు 30 దాటదు. ఈ ఎర్రర్ కనిపించగానే ముందు 3 నోడ్ల చెట్టు మీద నడిపి చూడమన్నాను. అక్కడా ఆగకపోతే బేస్ కేస్ చూసుకోవాలి, అక్కడ ఆగితే లోతు సంగతి.

తర్వాతి బ్యాచ్‌కి మార్చుకున్నవి

ఎత్తు లెక్కతో మొదలుపెట్టి వారాలపాటు అలాంటివే చేయించడం మానేశాను. ఎత్తు తర్వాత వెంటనే డయామీటర్ ఇస్తున్నాను, జవాబు వేరు, రిటర్న్ వేరు అని మొదట్లోనే ఎదురుపడేలా. ట్రేసింగ్ 3 నోడ్ల చెట్టుకి ఒక్కసారి చేయించి ఆపేస్తున్నాను. ఒప్పంద వాక్యం లేకుండా రాసిన కోడ్ పాసైనా దిద్దను. ఆ వాక్యం తెలుగులోనే రాయాలని కూడా అడుగుతున్నాను. ఇంగ్లీషులో రాయమంటే నోట్స్‌లో బట్టీ పట్టిన లైన్లు దించేస్తున్నారు. తెలుగులో అయితే 'ఎన్ని నోడ్లు', 'ఎన్ని ఎడ్జులు' అని తేల్చి చెప్పక తప్పడం లేదు.

ఈ అమ్మాయికి ఇప్పటికీ ఇబ్బంది పెట్టే రకం ఒకటి మిగిలి ఉంది. చెట్టులో ఎక్కడైనా మొదలై కిందికి దిగే దారుల్లో, మొత్తం ఇచ్చిన సంఖ్యకి సమానమయ్యేవి ఎన్నో లెక్కపెట్టడం. అక్కడ రెండు ఒప్పందాలు కావాలి: "ఈ నోడ్ దగ్గరే మొదలయ్యే దారులెన్ని" అన్నది ఒకటి, "ఈ చెట్టులో ఎక్కడ మొదలైనా సరే, మొత్తం ఎన్ని" అన్నది ఇంకోటి. రెండింటినీ ఒకే ఫంక్షన్‌లో కుక్కేసరికి నడి దారిలో మొదలైనవి రెండుసార్లు లెక్కలోకి వస్తున్నాయి. ప్రస్తుతం రెండు ఫంక్షన్లకీ విడివిడిగా చీటీలు రాయిస్తున్నాను. అది కుదిరాక, రూట్ నుంచి దిగుతూ వచ్చిన మొత్తాలని డిక్షనరీలో దాచుకుంటూ ఒకే నడకలో ముగించే పద్ధతికి వెళ్తాం.